కలసి యెదుగుట

ఆటస్థలపు అంచున నిలిచి పిల్లల ఆటను చూచు తండ్రి కన్నులు సాధారణముగా ఒక్క బాలునిపైననే నిలిచియుండును. "మావాడు బాగుపడుచున్నాడా?" అని ఆయన ఉపాధ్యాయులను అడుగును. కన్నవారు అడుగదగిన ప్రశ్నయే యది. దానికి జవాబు చెప్పుట మా విధి. కాని ఐదుగురు కూడి యాడవలసిన ఆటలో దానికి తోడుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. "ఈ పిల్లలందరును కలసి బాగుపడుచున్నారా?" అనునదే యా ప్రశ్న. మొదటిదానికి అవునని చెప్పగలిగినంత మాత్రమున రెండవదానికిని అవునని చెప్పుటకు వీలులేదు. ఈ రెండింటికిని గల భేదమును గూర్చి మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. ఆ యాలోచనలను మన పత్రికను చదువు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మనవి చేయుచున్నాము.

మాకీ యాలోచన ఊరక పుట్టలేదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును వీధిలో వినవచ్చు ఈ హోసూరు ప్రాంతమున, మన తెలుగు పాఠశాలయందు తరగతికి పిల్లలు మెండుగా లేరు. పెద్ద పాఠశాలలవారు నూరుమందిలో పదిమందిని ఏరుకొని జట్టును కూర్చుకొందురు. మనకు ఏరుకొనుటకు తావు లేదు. ఉన్న ఆరుగురు బాలురే మన బాస్కెట్‌బాల్ జట్టు. ఆరవ తరగతి మొదలు కూడి యాడుచు వారిప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నారు. వారిలో ఇద్దరిని రాబోవు సంవత్సరము ఆంగ్ల మాధ్యమపు బడికి మార్పవలెనని యింటివారు తలంచుచున్నారు. ఆ యిద్దరును వెళ్లినచో నలుగురు మిగులుదురు. నలుగురితో జట్టు నిలువదు. కనుక వీరు కలసి యెదుగుచున్నారా, ఎదుగుచున్నచో దాని విలువ యేమి అను ప్రశ్న మాకు దినదినమును ఎదురగుచున్నది.

మొదట ఆట స్వభావమును గూర్చి రెండు మాటలు. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు ఈ యాటను కల్పించెను. చలికాలమున బయట ఆడుటకు వీలులేని తన విద్యార్థుల కొరకు ఆయన పండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల బాల్కనీ అంచులకు ఎత్తుగా కొట్టించి, 13 నియమములను వ్రాసెను. వై.ఎమ్.సి.ఏ. సంఘము ద్వారా ఈ యాట అనేక దేశములకు వ్యాపించెను. ఆ సంఘమునకు చెందిన హారీ క్రో బక్ గారు 1920లో మద్రాసునందు వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించిరి. నైస్మిత్ వ్రాసిన నియమములలో ఒకటి మిక్కిలి గమనింపదగినది. బంతిని పట్టినవాడు దానితో పరుగెత్తరాదు. పట్టినచోటినుండియే మరియొకనికి విసరవలెను. తరువాత బంతిని నేలకు తట్టుచు నడచు పద్ధతి వచ్చినను, తోడివానికి అందించుటయే ఈ యాటకు మొదటి పాఠమని దీనివలన తెలియుచున్నది.

ఒక చిన్న లెక్కను కూడ చూతము. నలుబది నిమిషముల ఆటలో బంతి ఇంచుమించు సగము కాలము ఎదుటివారి యొద్దనే యుండును. తక్కిన ఇరువది నిమిషములను ఐదుగురు సమముగా పంచుకొన్నను ఒక్కొక్కనికి వచ్చునవి నాలుగు నిమిషములే. మిగిలిన ముప్పదియారు నిమిషములు ఆ బాలుని చేతిలో బంతి లేదు. ఆ కాలమున అతడు ఏమి చేయుచున్నాడు? తోడివానికి దారి యిచ్చుచున్నాడా, ఎదుటివానిని అడ్డగించుచున్నాడా, లేక బంతి కొరకు చేయి చాచి ఊరక నిలిచియున్నాడా? బాలుడొక్కడు బాగుపడుట ఆ నాలుగు నిమిషములలో కనబడును. జట్టు కలసి బాగుపడుట ఈ ముప్పదియారు నిమిషములలో కనబడును.

దీనికి చక్కని నిదర్శనము అమెరికాలోని ఓక్లహోమా సిటీ నగరమున కలదు. మన బాలురకు ఆ నగరపు థండర్ జట్టు బాగుగా తెలియును. అక్కడ రాత్రివేళ జరుగు పోటీలు మనకు తెల్లవారుజామున వచ్చుటచే, బడికి వచ్చులోపలనే వారు వాటిని సెల్‌ఫోనులలో చూచి, ఉదయపు ప్రార్థనకు ముందే చర్చించుకొనుచుందురు. ఎన్.బి.ఏ. అను సంఘమున 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు సాధారణముగా ఏడాదికి 82 పోటీలు ఆడును. ప్రతి వేసవియందును క్రొత్త యువకులను జట్లవారు వంతుల ప్రకారము ఎంచుకొందురు. ముందటి యేట వెనుకబడిన జట్లకు సాధారణముగా ముందు వంతులు దొరకును. ఇందువలన ఓడిన జట్టులో పలువురు యువకులు ఒక్కసారిగా చేరుట కలదు. వారు కలసి యెదుగుదురా లేదా అనునది అప్పుడు పుట్టు ప్రశ్న. థండర్ జట్టు ఈ ప్రశ్నను పదునేను సంవత్సరములలో రెండు పర్యాయములు ఎదుర్కొనెను.

మొదటి పర్యాయమున ఆ జట్టులో కెవిన్ డ్యూరాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్ అను ముగ్గురు యువకులు ఉండిరి. వారు వరుసగా 2007, 2008, 2009 సంవత్సరములలో ఎన్నుకొనబడినవారు. సియాటిల్ నగరమునుండి జట్టు ఓక్లహోమా సిటీకి తరలిన మొదటి యేట, అనగా 2008-09లో, 82 పోటీలలో 23 మాత్రమే గెలిచిరి. మరుసటి యేట ఆ సంఖ్య 50 అయ్యెను. ఆ పై యేట 55. 2012లో వారు అంతిమ పోటీలకు చేరి, మయామీ జట్టు చేతిలో నాలుగింట ఒకటిగా ఓడిరి. అప్పటికి ఆ ముగ్గురిలో ఎవరికిని ఇరువది నాలుగేండ్లు నిండలేదు. వీరికి మంచి కాలము ముందున్నదని పలువురు తలంచిరి.

కాని ఆ సంవత్సరము అక్టోబరులోనే, జీతపు ఒప్పందము కుదరక, హార్డెన్ హ్యూస్టన్ జట్టుకు మార్చబడెను. 2016లో డ్యూరాంట్ గోల్డెన్ స్టేట్ జట్టుకు వెళ్లిపోయెను. తరువాత జరిగినది ఆశ్చర్యకరము. సంవత్సరమునకు ఒక్క ఆటగానికి మాత్రమే లభించు ఉత్తమ క్రీడాకారుని బహుమానమును 2014లో డ్యూరాంట్, 2017లో వెస్ట్‌బ్రూక్, 2018లో హార్డెన్ పొందిరి. ఒకే జట్టులో మొలకెత్తిన ముగ్గురును ఎదుగదగినంత ఎత్తుకు ఎదిగిరి. వారి తండ్రులెవరైన "మావాడు బాగుపడుచున్నాడా?" అని అడిగియున్నచో అవునని మూడుసార్లు చెప్పవలసి వచ్చెడిది. అయినను ఆ ముగ్గురు కలసి ఒక్క విజేతపదవినైనను గెలువలేదు. హార్డెన్ పిమ్మట హ్యూస్టన్‌లో వెస్ట్‌బ్రూక్‌తోను, బ్రూక్లిన్‌లో డ్యూరాంట్‌తోను మరల కలసి యాడెను. అప్పటికి ఎవరి ఆట వారికి స్థిరపడియుండెను. వెనుకటి కలయిక తిరిగిరాలేదు. విడిపోవుటయే వారి ఓటములకు ఏకైక కారణమని మేము చెప్పము. 2013లో వెస్ట్‌బ్రూక్ మోకాలికి దెబ్బ తగులుట వంటి దురదృష్టములును కలవు. ఒక్కొక్కరి ఎదుగుదల వేరు, కలసి యెదుగుట వేరు అని చూపుటకు మాత్రము ఈ యుదాహరణము చాలును.

రెండవ పర్యాయము 2019లో ఆరంభమయ్యెను. పాల్ జార్జ్ అను పేరుపొందిన ఆటగానిని లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ జట్టుకు ఇచ్చి, థండర్ వారు షే గిల్జస్-అలెగ్జాండర్ అను కెనడా దేశపు యువకునితో పాటు, రాబోవు సంవత్సరములలో యువకులను ఎన్నుకొను వంతులను పెక్కింటిని పొందిరి. తరువాతి కాలము కష్టకాలము. 2020-21లో 72 పోటీలకు 22, 2021-22లో 82 పోటీలకు 24 మాత్రమే గెలిచిరి. 2021 డిసెంబరు 2వ తేదీన మెంఫిస్ జట్టు చేతిలో 152కు 79 పాయింట్లతో ఓడిరి. డెబ్బదిమూడు పాయింట్ల తేడాతో ఓడుట ఎన్.బి.ఏ. చరిత్రలోనే అంతకు ముందెన్నడును జరుగలేదు.

2022లో ఆ జట్టు చెట్ హోమ్‌గ్రెన్‌ను రెండవ వంతునందును, జేలెన్ విలియమ్స్‌ను పండ్రెండవ వంతునందును ఎన్నుకొనెను. విలియమ్స్ వచ్చిన వంతు 2019 నాటి మార్పిడిలో లభించినదే. హోమ్‌గ్రెన్ మాత్రము మొదటి పోటీకి ముందే పాదమునకు గాయమై యేడాదియంతయు కూర్చుండిపోయెను. ఆ యేట జట్టు 40 గెలిచెను. హోమ్‌గ్రెన్ కోలుకొని వచ్చిన 2023-24లో 57 గెలిచెను. 2024-25లో 68 గెలిచి, ఇండియానా జట్టుతో జరిగిన అంతిమ పోటీలలో మూడింటికి నాలుగుగా నెగ్గి విజేత యయ్యెను. చివరి పోటీ 2025 జూన్ 22వ తేదీ రాత్రి జరిగెను. మనకది 23వ తేదీ తెల్లవారుజాము. నాటికి గిల్జస్-అలెగ్జాండర్‌కు 26, విలియమ్స్‌కు 24, హోమ్‌గ్రెన్‌కు 23 సంవత్సరములు.

వీరు కలసి యెదిగిరని మేము గెలుపును మాత్రము చూచి చెప్పుట లేదు. అందుకు మూడు గురుతులు కలవు.

మొదటిది: 2022-23లో గిల్జస్-అలెగ్జాండర్ సగటున పోటీకి 31.4 పాయింట్లు చేసెను. మరుసటి యేట అది 30.1కి తగ్గెను. అతనిని మాత్రమే చూచువాడు వెనుకబడెనని అనుకొనవచ్చును. కాని అదే కాలమున విలియమ్స్ సగటు 14.1 నుండి 19.1కి పెరిగెను; జట్టు గెలుపులు 40 నుండి 57కు పెరిగెను. పెద్దవాని లెక్క కొంచెము తగ్గినను చిన్నవాని లెక్క పెరిగి, అందరి లెక్క మిక్కిలి పెరిగిన యెడల, అక్కడ ఏదియో మంచి జరుగుచున్నదని గ్రహింపవలెను. 2025 చివరి పోటీలో అతడు 29 పాయింట్లు చేయుటయేగాక, తోడివారు బుట్టలో వేయుటకు అనువుగా 12 పర్యాయములు బంతిని అందించెను. ఆ పండ్రెండు మాకు ఇరువది తొమ్మిదికంటె ప్రియమైనవి.

రెండవది: ఒకడు లేనప్పుడు తక్కినవారు అతని చోటును మోయుట, అతడు వచ్చినప్పుడు ఆ చోటును మరల ఇచ్చుట. 2024 నవంబరులో హోమ్‌గ్రెన్‌కు తుంటి యెముక విరిగి ఫిబ్రవరి వరకు ఆడలేదు. జట్టు తడబడలేదు. వచ్చిన పిమ్మట అతడు పరాయివానివలె నిలువలేదు. చివరి పోటీలో ఎదుటివారి ప్రయత్నములను ఐదింటిని చేతితో అడ్డగించెను.

మూడవది: పాయింట్ల పట్టికకు ఎక్కని పని. లూగెంజ్ డోర్ట్ అను యువకుని 2019లో ఏ జట్టును తన వంతులో ఎన్నుకొనలేదు. థండర్ జట్టులో చేరి, ఎదుటి జట్టులోని మేటివానిని అడ్డగించుటయే తన పనిగా నేర్చి, 2025లో మేటి రక్షకుల మొదటి వరుసలో నిలిచెను. పోటీ ముగియగానే ఒక ఆటగానిని ప్రశ్నించుటకు విలేకరి వచ్చినప్పుడు, జట్టంతయు వచ్చి అతని చుట్టును నిలుచుట వీరికి అలవాటు. మన పిల్లలు దానిని చూచి నవ్వుదురు, నవ్వుచునే నేర్చుకొనుచున్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక కూడ అవసరము. కూర్చిన యువకులందరును తప్పక కలిసిపోవుదురని అనుకొనరాదు. జాష్ గిడ్డీ అను సమర్థుడైన యువకుడు ఈ జట్టులోనే ఉండెను. బంతి తన చేతిలో ఉన్నప్పుడే రాణించు ఆట అతనిది. అటువంటివారు జట్టులో అప్పటికే యుండిరి. 2024లో డాలస్ చేతిలో ఓడిన పిదప, అతనిని షికాగోకు ఇచ్చి, రక్షణలో ఆరితేరిన అలెక్స్ కరూసోను తెచ్చుకొనిరి. కరూసో అప్పటికే ముప్పదియేండ్ల వాడు. యువకులు కలసి యెదుగుటకు వయస్సులో పెద్దవాడొకడు నడుమ నుండుట మేలుచేసెను. శిక్షకుడు మార్క్ డేగ్నాల్ట్‌ను కూడ, ఓటముల కాలమున తీసివేయక, 2020 నుండి నిలుపుకొనిరి. 2025 జూలైలో గిల్జస్-అలెగ్జాండర్, విలియమ్స్, హోమ్‌గ్రెన్ ముగ్గురితోను దీర్ఘకాలపు ఒప్పందములు చేసికొనిరి. 2012లో హార్డెన్‌ను పంపిన నిర్వాహకుడు, 2025లో ముగ్గురిని నిలుపుకొన్న నిర్వాహకుడు ఒక్కరే. ఆయన పేరు శామ్ ప్రెస్టి.

ఇప్పుడు మన ఆరుగురి మాట. కోట్ల ధనముతో నడచు జట్టుతో మన బడి పిల్లలను పోల్చుట మా యుద్దేశము కాదు. గురుతులు మాత్రము ఎక్కడనైనను అవియే. రెండేండ్ల క్రిందట మన జట్టులోని పొడుగుపాటి బాలుడు బంతిని పట్టిన, తక్కిన నలుగురును వేడుక చూచువారివలె నిలిచెడివారు. పాయింట్లలో పెక్కుపాలు అతనివే. ఈ యేట అతని పాలు సగమునకు తగ్గెను. "మావాని ఆట తగ్గినది" అని వాని తండ్రిగారు మాతో చెప్పిరి. మేము ఆయనను ఒక సాయంకాలము పిలిచి, బంతిని చూడక తక్కిన పిల్లలను చూడుడని కోరితిమి. తన కుమారుడు ఇద్దరిని తనవైపునకు లాగికొని, ఖాళీగానున్న మూడవవానికి బంతిని వదలుటను ఆయన కనిపెట్టిరి. "ఇది వీనికెవరు నేర్పిరండీ?" అని అడిగిరి. నేర్పినవారు ఆ తక్కిన పిల్లలే. వారు పరుగెత్తనిచో వాడు ఎవరికి వదలును?

మరియొక బాలుడు తరగతిలో గొంతు విప్పనివాడు. ఇప్పుడు ఆటస్థలమున అందరికంటె వెనుక నిలిచి, "వెనుక! ఎడమకు! వదలకు!" అని తెలుగున కేకలు వేయుచు రక్షణను నడుపువాడు వాడే. ఆ గొంతు ఇటీవల తరగతిలోనికి కూడ వచ్చినది. తెలుగు పాఠమును లేచి చదువుచున్నాడు. ఒకనికి విషజ్వరము తగిలి నెలదినములు బడికి రానప్పుడు, తక్కినవారు ఆటలో వాని చోటును, ఇంటివద్ద వాని పాఠములను పంచుకొనిరి. ఈ యేట పాఠశాలల పోటీలలో మన జట్టు ఓడినది. నిరుడు మనలను చిత్తుగా ఓడించిన జట్టు చేతిలోనే, ఈసారి కడపటి నిమిషము వరకు పోరాడి ఓడినది. వీరు కలసి యెదుగుచున్నారా అని అడిగినచో, ఎదుగుచున్నారనియే మా నమ్మకము.

ఇక ఆ యిద్దరి తల్లిదండ్రులకు మనవి. మీ యాలోచన తప్పని మేము అనము. పిల్లల చదువు, కొలువు, భవిష్యత్తు మీకు బరువైన సంగతులు. వెళ్లినవాడు చెడిపోవునని భయపెట్టుటయు ధర్మము కాదు. వేరుపడిన హార్డెన్ వేరుచోట కిరీటము ధరించెను గదా! మీ పిల్లలును ఎక్కడికి వెళ్లినను వెలుగగల సమర్థులు. మేము కోరునది ఒక్కటే. లాభనష్టముల పట్టికను వ్రాసికొనునప్పుడు, నాలుగేండ్లు కలసి యెదిగిన ఈ యారుగురి కాలమును కూడ అందులో ఒక వరుసగా వ్రాయుడు. క్రొత్త బడిలో ఆటస్థలము దొరకును, పుస్తకములు దొరకును, మంచి ఉపాధ్యాయులును దొరకుదురు. తిరిగి చూడకయే తోడివాడు ఎక్కడ నిలిచియున్నాడో తెలిసికొనగల నేర్పు మాత్రము మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును. పదవ తరగతి ముగియుటకు ఇంక ఒక్క సంవత్సరమే యున్నది. ఆ సంవత్సరమును వీరికి కలసి గడుపనిచ్చుట సాధ్యమేమో యోచింపుడు.

బాలురారా! మీలో ఎవరు ఉందురో, ఎవరు వెళ్లుదురో మాకు తెలియదు. మీ వెనుక ఆరవ, ఏడవ తరగతుల పిల్లలు, బాలికలును బాలురును, రెండవ బుట్టవద్ద బంతి విసరుట నేర్చుకొనుచున్నారు. శనివారము సాయంకాలము వారికొక గంట కేటాయింపుడు. బంతిని బుట్టలో వేయుట వారు తమంతట తామే నేర్తురు; బంతి చేతిలో లేనప్పుడు ఏమి చేయవలెనో మీరు చూపుడు. రాబోవు సంవత్సరము ఇదే పత్రికలో మన జట్టును గూర్చి వ్రాయువారికి ఆరుగురి పేర్లకు బదులు పండ్రెండుగురి పేర్లు దొరకవలెనని ఆశించుచున్నాము.